ఎడంచేతి కాఫీ

"ఎవురప్పా నీకు చెప్పింది?"

గంగాధరప్ప ప్రెస్సు గడపలో నిలబడి ఒక అమ్మాయి అలా గద్దించేసరికి ముద్దుకృష్ణ చేతిలో ఉలి ఉన్నచోటే ఆగిపోయింది. బయట చింతామణి సంత మంచి ఊపుమీద ఉంది. ఆ జనాన్నంతా మోచేతులతో తోసుకుంటూ వచ్చినట్టుంది, ముంగురులు నుదుటికి అతుక్కుపోయాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి.

ఆమె ఎవరో అతనికి తెలుసు. తెలియకేం! కాఫీపొడి అశ్వత్థప్ప శెట్టి కూతురు సులోచన. ప్రెస్సుకు ఎదురుగానే వాళ్ళ అంగడి. గింజలు వేయించే డ్రమ్ములోంచి పొగ లేచినప్పుడల్లా దాని వెనక రెండు కళ్ళు కనబడేవి. పొగకు మండి నీళ్ళు నిండిన ఆ కళ్ళను చూడటం కోసమే అతను కిటికీ పక్కకు బల్ల జరుపుకున్నాడు. వెలుతురు కోసమని గంగాధరప్పకు చెప్పాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ పిల్ల తనతో మాట్లాడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. మాట్లాడితే ఇలా మాట్లాడుతుందని అసలే అనుకోలేదు.

"ఏమి చెప్పేదమ్మా?" అన్నాడు బిక్కమొహం వేసి.

"ఏమీ తెలీనట్ట అడగొద్దు!" చేతిలోని కాఫీపొడి పొట్లాన్ని ఠపీమని బల్లమీద పెట్టింది. "ఇది గీసింది నువ్వే గదా?"

అతనే. పచ్చ కాగితం మీద ఎర్ర సిరా లేబులు. పైన కన్నడంలో, కింద తెలుగులో 'సులోచన కాఫీ' అని పేరు. మధ్యలో ఒక ఇల్లాలి బొమ్మ. ఒక చేతిలో చెంబు, రెండో చేత్తో పొగలు కక్కే గ్లాసును మనకు అందిస్తోంది. ఈ పొద్దే మొదటిసారి సంతకు వెళ్ళింది ఆ పొట్లం.

"నేనే గీసినా. బాగుండాది గదా?"

"బాగుండాదా? ఏ చేత్తో ఇస్తాండాదో చూడు!"

చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

ఎడమ చెయ్యి.

"రామరామా! నేను కుడి చెయ్యే గీసినానమ్మా!"

"ఆహా, గీసినావులే! కండ్లు నావి, పేరు నాది, చెయ్యీ నాదే. నాది ఎడంచెయ్యి వాటమని మా ఇంట్లోవాళ్ళకు తప్ప చీమకు గూడా తెలీదు. నీకెవురు చెప్పినారు? మా పుట్టమ్మ చెప్పిందా, గిన్నెలు కడగను వచ్చినప్పుడు?"

ముద్దుకృష్ణ నోరు తెరుచుకుపోయింది.

"మీది ఎడంచెయ్యా?"

మూలన అక్షరాలు పేరుస్తున్న గంగాధరప్ప చెయ్యి ఆపేశాడు.

"నాకెవురూ చెప్పలేదమ్మా" అన్నాడు ముద్దుకృష్ణ మెల్లగా. "ఇప్పుడు మీరే చెప్పినారు."

సులోచన చటుక్కున చేత్తో నోరు మూసుకుంది. ఆ చెయ్యి కూడా ఎడమదే. అది గుర్తొచ్చి, గబుక్కున కొంగులో దాచేసుకుంది.

అంగడి సాగించుకునే ఇళ్ళలో ఎడమ చేతికి ఎంత చెడ్డపేరో తెలిసినవాళ్ళకే తెలుసు. ఎడమ చేత్తో త్రాసు పట్టకూడదు, ఎడమ చేత్తో సరుకు ఇవ్వకూడదు, గిరాకీని గెంటినట్టే లెక్క. సులోచనకు అన్నప్రాశన నాడే అవ్వకు అనుమానం వచ్చిందట. ఆనాటినుంచి ఆ చేతికి గుడ్డ చుట్టి, అరిచి, బతిమాలి, నలుగురిలో కుడిచేత్తో తినడం, రాయడం నేర్పారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం ముగ్గు వేసేదీ, పిండి కలిపేదీ, కాఫీ కలిపేదీ ఆ ఎడమ చెయ్యే. ఇన్నేళ్ళు దాచిన ఆ చేతిని ఈ పొద్దు చింతామణి సంతంతా చూసింది.

"కండ్ల సంగతి ఒప్పుకుంటా" అన్నాడు ముద్దుకృష్ణ తల వంచుకుని. "అవి మీవే. దినామూ చూస్తాంటి. చేయి మాత్రం నా తప్పుగాదు... అంటే, నా తప్పే, కానీ అట్లాంటి తప్పు గాదు."

"ఎట్లాంటి తప్పు మరి?"

అతను లేచి వెళ్ళి ఆ లేబులు అచ్చువేసిన చెక్క బ్లాకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చెక్కమీద అదే ఇల్లాలు. కానీ గ్లాసు కుడిచేతిలో ఉంది. సులోచన ఒకసారి చెక్కను, ఒకసారి కాగితాన్ని చూసి తెల్లబోయింది.

బ్లాకు మీద సిరా రోలరు దొర్లించి, కాగితం పరిచి, అరచేత్తో అదిమి, ఎత్తి చూపించాడు. గ్లాసు ఎడమచేతికి వచ్చేసింది.

"అచ్చులో అంతా తిరగబడతాది. చెక్కమీద ఎడమగా చెక్కితేనే కాగితం మీద కుడి అవుతాది. నేను బెంగళూరులో నేర్చుకునింది గోడలమీద, బోర్డులమీద రాసే పని. గోడమీద బొమ్మ తిరగబడదు గదా! బ్లాకు చెక్కడం నాకిదే మొదలు."

"అక్షరాలు సరిగ్గానే వచ్చినాయే?"

"అవి మా గంగాధరప్ప పేర్చిన సీసపు అక్షరాలు. తిరగేసే పోతపోసి ఉంటాయి. ఇదో, పైట చూడండి. పైట కుడి భుజం మీద ఏసుకుంటారా ఎవురైనా? మిమ్మల్ని చూసి చేయి గీసుంటే, పైట తప్పు గీస్తానా?"

ఆమె లేబులు మీదికి వంగింది. నిజమే, పైట కుడిపక్కన ఉంది. చెయ్యి చూసిన కంగారులో పైట ఎవరూ చూడలేదు.

ఆమెకు నవ్వు వచ్చింది. కోపంతో వచ్చిన మనిషి నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. కానీ కళ్ళు ఊరుకుంటాయా! ఆ నవ్వు వాటిలోకి పాకింది. ముద్దుకృష్ణకు ఉలి ఎక్కడ పెట్టాడో తెలియకుండా పోయింది.

"అచ్చుకు ముందర ఎవురూ చూడలేదా?" అంది.

చూడకేం, అందరూ చూశారు. ఆ రోజు అశ్వత్థప్పకూ గంగాధరప్పకూ పెద్ద గొడవే జరిగింది. కన్నడం పైన ఉండాలా, తెలుగు పైన ఉండాలా అని. చింతామణిలో బోర్డు కన్నడంలో ఉంటుంది, బేరం తెలుగులో జరుగుతుంది. చివరికి కన్నడం పైకెక్కింది, తెలుగు లావెక్కింది. అశ్వత్థప్ప అక్షరాలు చూశాడు. గంగాధరప్ప సిరా చూశాడు. ముద్దుకృష్ణ, పాపం, కళ్ళు చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి చూసినవాడు లేడు.

ఇంతలో అశ్వత్థప్పే వచ్చాడు. ఉత్తరీయం ఒకవైపు జారిపోతోంది.

"కొంప మునిగిందప్పా ముద్దుకృష్ణా! సంతలో ఆడోళ్ళంతా ముక్కున వేలేసుకుంటాండారు. 'శెట్టి గిరాకీకి ఎడంచేత్తో ఇస్తాండాడే' అంటాండారు. నా పొడికి ఒగ మొగం గావల్లని నిన్ను అడిగితి గదా! చదువురాని ఆడోళ్ళు గూడా దూరంనుంచి చూసి ఇది అశ్వత్థప్పది అనల్లని అడిగితి గదా! ఆ చింతగింజల దొంగ నా పేరు చెప్పి మసిపొడి అమ్ముతాండాడనే గదా ఈ తిప్పలంతా!"

అదీ అసలు కథ. అందరి కాఫీపొడీ పాత పేపరు పొట్లాల్లోనే కాబట్టి, ఎవడో గుడిబండె వైపు వేయించిన చింతగింజల పొడి కలిపి 'శెట్టి కాఫీ' అని అమ్ముతున్నాడు. పల్లె ఆడవాళ్ళు తాగి, కక్కి, అశ్వత్థప్పను తిడుతున్నారు. ఒళ్ళు మండి ఆయన ముద్దుకృష్ణను పిలిచాడు. 'పేరు చదివేవాళ్ళకు, గుర్తు చూసేవాళ్ళకు. జనానికి గుర్తుండే గుర్తు మీకు చేసిస్తా శెట్టిగారూ' అని గొప్పగా చెప్పాడు కుర్రాడు. గుర్తుండిపోయేలాగే చేశాడు మరి!

"సరిగ్గా చెక్కి ఇంకో లేబులు ఇస్తా" అన్నాడు ముద్దుకృష్ణ. "పాత పొట్లాలు నేనే ఊరూరా తిరిగి మార్చుకోని వస్తా."

"వచ్చే వారం శుక్రారం లోపల మార్చల్ల. శుక్రారం కోలారునుంచి మా సులోచనను చూసుకునేదానికి వస్తాండారు. వాళ్ళ చెవిన గాని ఇది పడిందో..."

ముద్దుకృష్ణ నెత్తిన పిడుగు పడింది. బ్లాకు తప్పు చెక్కినప్పుడు కూడా అతనికి ఇంత దెబ్బ తగల్లేదు. సులోచన వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. తండ్రి వెనకే గడప దాటుతూ మాత్రం ఒకసారి వెనక్కి తిరిగింది. ఆ చూపుకు అర్థమేమిటో తేల్చుకోవడానికి అతనికి ఆ సాయంత్రమంతా చాలలేదు.

మనసులో, 'నేను సరిగ్గా చెక్కితే ఆమె పెళ్ళి కుదురుతుంది, తప్పు చెక్కితే చెడుతుంది' అని ఒకటే రొద. అయినా సరిగ్గానే చెక్కాడు. దొంగబుద్ధి పుట్టలేదని కాదు, ఆ కళ్ళలో పొగ లేకుండా వచ్చే నీళ్ళు చూడలేక.

మరుసటి వారం గురువారం కొత్త పొట్లాల మూటతో కెంచార్లహళ్ళిలో బస్సు దిగేసరికి వాన జల్లు మొదలైంది. ఊళ్ళో మొదటి ఇల్లు చౌడమ్మది. పెద్ద సేద్యం, పెద్ద నోరు. నలుగురు కోడళ్ళకు కాఫీ అలవాటు చేసింది ఆమేనని ఊరంతా చెప్పుకుంటారు.

"అమ్మా, చింతామణి శెట్టి అంగడినుంచి వచ్చినా. పాత పొట్లం ఇయ్యండి, కొత్తది ఇస్తా. అందులో బొమ్మ తప్పు పడింది" అన్నాడు చూరు కింద నిలబడి.

చౌడమ్మ కొత్త పొట్లం అందుకుని కంటికి దగ్గరగా పెట్టుకుంది. మరుక్షణం అరిచిన అరుపుకు వసారాలో దూడ బెదిరింది.

"లే అక్కయమ్మా! చీపురు ఎత్తుకోని రాయే! చింతగింజలోడు దొరికినాడు!"

"అమ్మా! నేను..." 

అక్కయమ్మ పెద్దకోడలు. చీపురుతో వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్ళు. ముద్దుకృష్ణ మూటను అడ్డం పెట్టుకుని గోడకు అతుక్కుపోయాడు.

"నేను శెట్టి మనిషినమ్మా! నా మీద ఒట్టు!"

"అట్లయితే ఇదేంది?" చౌడమ్మ లోపలికి వెళ్ళి ఇంకో పొట్లం తెచ్చి అతని మొహాన పెట్టింది. "మొన్న గుడిబండెనుంచి మా వదిన తెచ్చింది. ఇది తాగి మా ఇంటాయప్ప రేయంతా కడుపు పట్టుకోని మూలిగినాడు."

అతను ఆ పొట్లం చూసి కొయ్యబారిపోయాడు. అదే పచ్చ కాగితం. అదే ఎర్ర సిరా. అదే ఇల్లాలు. చింతగింజలవాడు లేబులును ఉన్నదున్నట్టు దొంగిలించాడు. ఒక్కటే మార్చాడు. ఎడమ చెయ్యి అశుభమని తోచి కాబోలు, గ్లాసు కుడిచేతిలో పెట్టాడు.

తను రెండు రాత్రులు కూర్చుని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెక్కిన సరైన లేబులు, పైట తప్ప, అచ్చం ఆ దొంగ లేబులులాగే ఉంది.

"చూస్తివా?" అంది చౌడమ్మ. "కుడిచేయి ఉంటే దొంగది. శెట్టిది ఎడంచేతమ్మ కాఫీ. ఈ చుట్టుపక్కల ఏ ఆడదాన్ని అడిగినా అదే చెప్తాది. మాకు చదువొచ్చా, సందొచ్చా? చేయి చూసుకోని తెచ్చుకుంటాండాము."

"పోయిన వారం సంతలో మీరంతా నవ్వినారంట గదమ్మా, ఎడంచేత్తో ఇస్తాండాదని?"

"నవ్వితే నవ్వితిమి. నవ్వినాము గాబట్టే మర్సిపోలేదు! ఆయమ్మ కుడిచేతిలో చెంబుండాది గదప్పా. ఎడంచేత్తో గాక కాలితో ఇస్తాదా? ఇంటెడు చాకిరీ చేసే ఆడదానికి ఏ చేయి ఖాళీగా ఉంటే అదే కుడిచేయి. పో, ఎడంచేతమ్మది ఉంటే తెచ్చియ్యి. లేదంటే చీపురు ఈడే ఉండాది."

కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారే, అలా ఉంది. తనకు ఎంత ప్రయత్నించినా దొరకని గుర్తు పొరపాటున దొరికింది. దాన్ని తన చేత్తోనే చెరిపేయబోయాడు! ముద్దుకృష్ణ చౌడమ్మను అడిగి ఆ దొంగ పొట్లం తీసుకున్నాడు. కానీ ఆ రోజు మళ్ళీ బస్సు దొరకలేదు. వాగు పొంగి దారి ఆగిపోయింది. మరునాడు బస్సెక్కి చింతామణి చేరేసరికి కోలారువాళ్ళ కారు అశ్వత్థప్ప వాకిట్లో నిలబడి ఉంది.

తడిసిన బట్టలతో, నెత్తిన మూటతో లోపలికి వస్తున్న అతన్ని చూసి అశ్వత్థప్ప ఎదురొచ్చాడు.

"అంతా మార్చినావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఒగటి గూడా మార్చలేదు. మార్చగూడదు శెట్టిగారూ." రెండు పొట్లాలూ చూపించాడు. కెంచార్లహళ్ళిలో జరిగిందంతా గడగడా చెప్పేశాడు. చెప్పే వేడిలో గొంతు తగ్గించడం మరిచిపోయాడు. "కుడిచేయి పెడితే మనం దొంగోడి మాదిరి అయిపోతాము. ఊరు మనల్ని గుర్తుపట్టేదే ఆ ఎడంచేతితో. సిగ్గుపడి దాచుకుంటే మనల్ని మనమే చెరిపేసుకున్నట్ట!"

అశ్వత్థప్ప రెండు పొట్లాలనూ మార్చి మార్చి చూశాడు. హాల్లో చాపమీద కూర్చున్న కోలారు పెద్దావిడ, పెళ్ళికొడుకు తల్లి, "ఏమిటా గలాటా?" అన్నట్టు మెడ చాచింది. వంటింటి తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. అక్కడ సులోచన, ఆమె తల్లి అంబుజమ్మ ఒక్క మాట వదలకుండా విన్నారు.

తలుపు తెరుచుకుంది.

సులోచన వచ్చింది. నీలం చీర, తలనిండా మల్లెలు, కుడిచేతిలో కాఫీ పళ్ళెం. హాలు మధ్యకు వచ్చి ఒక్క క్షణం ఆగింది. కొంగులోంచి ఎడమ చెయ్యి బయటికి తీసింది. ఆ చేత్తో గ్లాసు ఎత్తి, తొణక్కుండా, కోలారు పెద్దావిడకు అందించింది.

హాలంతా గుడ్లప్పగించింది. అంబుజమ్మ తలుపు రెక్క పట్టుకుంది. పెద్దావిడ చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏమమ్మా ఇది! ఎడంచేత్తోనా?"

"నాది ఎడంచేయి వాటమే అమ్మా" అంది సులోచన. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "దాచిపెట్టి మీ ఇంటికి వస్తే రేపు మీకు నేను దొంగ లేబులు అంటుకున్న పొట్లాన్ని అవుతా."

"శెట్టిగారూ! ఇదేమి మర్యాద? కూతురికి ఇంతేనా నేర్పింది?"

ఇప్పుడు ఊళ్ళో ఎవరూ ఊహించనిది జరిగింది. గిరాకీ ఎవరైనా చేతులు జోడించే అశ్వత్థప్ప, కూతురి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మా కాఫీ గుర్తే అదమ్మా" అన్నాడు. "నచ్చితే తాగండి. లేదంటే మీ ఇష్టం."

వాళ్ళు తాగలేదు. లేచారు. పెళ్ళికొడుకు మాత్రం ఆ కాఫీ వాసనకు ఒకసారి వెనక్కి చూశాడు, వాళ్ళమ్మ ఈడ్చుకుపోయింది. కారు వెళ్ళిపోయింది.

సులోచన చేతిలో గ్లాసు అలాగే ఉంది. అటూ ఇటూ చూసి, ద్వారబంధం దగ్గర నీళ్ళోడుతూ నిలబడ్డ ముద్దుకృష్ణ ముందుకు వచ్చింది.

"నువ్వన్నా తాగుతావా?" అంది.

ఎడమ చెయ్యి చాచింది. అతను కుడిచెయ్యి చాచాడు. ఎదురెదురుగా నిలబడ్డారేమో, ఆమె ఎడమ చెయ్యి, అతని కుడి చెయ్యి ఒకదానికెదురుగా ఒకటి సూటిగా వచ్చాయి, బ్లాకూ కాగితమూ కలిసినట్టు. వేళ్ళు తగిలాయి. గ్లాసు కాలుతున్నా ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.

"ఏమప్పా" అంది అంబుజమ్మ తలుపు దగ్గరినుంచి. "చేయి అంటే పొరపాటు. ఆ బొమ్మలో కండ్లు గూడా పొరపాటునే వచ్చినాయా?"

ముద్దుకృష్ణకు కాఫీ గొంతుకు అడ్డం పడింది. దగ్గాడు. తప్పించుకునే దారి లేక, నిజమే చెప్పాడు.

"లేదమ్మా. కండ్లు మాత్రం తెలిసే గీసినా. ఇష్టమయ్యే గీసినా."

అశ్వత్థప్ప అతన్ని ఎగాదిగా చూశాడు. తెలిసిన వంశమే. బాగేపల్లిలో బట్టల అంగడి బయ్యప్ప శెట్టి కొడుకు. గజంకోల పట్టుకోమంటే కుంచె పట్టుకుని ఇల్లు వదిలినవాడు. ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె నేల చూస్తోంది గానీ, 'వద్దు' అనే మనిషి చూసే చూపు కాదది. ఆయన ఉత్తరీయం సర్దుకున్నాడు.

"బాగేపల్లి బస్సు ఎన్నింటికి?" అన్నాడు. "మీ నాయన ఈ పొద్దు అంగడిలోనే ఉంటాడా?"

ఆ పది రోజుల్లో ముద్దుకృష్ణ తిన్న దెబ్బలన్నింటిలోకీ పెద్దది ఇదే.

"ఉంటాడంట" అంది సులోచన అతని బదులు. ఆమెకెలా తెలుసో ఎవరూ అడగలేదు.

పెద్దవాళ్ళు ప్రయాణపు హడావుడిలో లోపలికి వెళ్ళాక, ఆమె ఖాళీ గ్లాసు అందుకుంటూ మెల్లగా అడిగింది.

"పాత బ్లాకే మళ్ళా ఎక్కిస్తావు గదా?"

"ఆ. కానీ పైట తప్పు పక్కన ఉండాది. సర్ది చెక్కనా?"

"వద్దు" అంది. కళ్ళలో ఆ రోజు ప్రెస్సులో కొరికి ఆపిన నవ్వు ఈసారి ఆగలేదు. "ఊరంతా నా చేయి చూస్తాండాది. పైట తప్పు నాకూ నీకూ మాత్రం తెలిసిందిగా ఉండనీ."